కారును కిందికి దించే స్ప్రింగులు: లాభమెంత, ముప్పు ఎంత?

స్పోర్టీ కార్లకు బయటి మార్కెట్లో దొరికే పొట్టి స్ప్రింగులను బిగించి, కారును 30 నుంచి 40 మిల్లీమీటర్ల మేర కిందికి దించే పోకడ మహానగరాల యువతలో కనిపిస్తోంది. లోవరింగ్ స్ప్రింగులుగా వీటికి పేరు. చక్రానికీ దాని పైనున్న మడ్‌గార్డు అంచుకూ మధ్య ఎడం తగ్గి, కారు నేలను అంటిపెట్టుకున్నట్లు కనిపిస్తుంది. మలుపుల్లో తక్కువగా ఒరుగుతుంది. ఈ రెండు లాభాలూ నిజమైనవే. అయితే గుంత ఎదురైనప్పుడు చక్రం పైకి కదలడానికి ఉండవలసిన చోటు ఈ మార్పుతో తగ్గిపోతుంది. భారతీయ రహదారుల మీద ఆ చోటు విలువ ఎంతో, దానిని వదులుకుంటే వచ్చే ముప్పు ఏమిటో, చట్టం ఏమంటోందో ఈ కథనంలో చూద్దాం.

సూత్రం తరగతి గదిలో, పరీక్ష రోడ్డు మీద

దక్షిణ ఢిల్లీలో ఐఐటీని ఆనుకుని ఉన్న పట్టణ గ్రామం జియా సరాయ్. బేర్ సరాయ్, కట్‌వారియా సరాయ్ దీనికి ఇరుగుపొరుగు. పూర్వం బాటసారులు బస చేసే సత్రాన్ని సరాయ్ అనేవారు. నేడు ఇంజనీరింగ్, సైన్స్ పోటీ పరీక్షలకు చదివే విద్యార్థులకు జియా సరాయ్ బసగా మారింది. గేట్, ఇంజనీరింగ్ సర్వీసెస్, నెట్ పరీక్షల శిక్షణ కేంద్రాలు, ఫొటోకాపీ దుకాణాలు, అద్దె గదులతో ఇక్కడి సందులు కిక్కిరిసి ఉంటాయి. తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చే విద్యార్థులకూ ఈ పేరు కొత్త కాదు.

గేట్ పరీక్షలో మెకానికల్ ఇంజనీరింగ్ పాఠ్యాంశాల్లో స్ప్రింగుల రూపకల్పన ఉంది. ఒకే దిశలో కదిలే వస్తువుల కంపనాలు, ఆ కంపనాలను అణచే పద్ధతులు కూడా ఉన్నాయి. లోవరింగ్ స్ప్రింగుల మంచిచెడులు తేల్చడానికి కావలసిన సూత్రాలు దాదాపుగా ఇవే. ఆ సూత్రాలు పరీక్షకు నిలిచే చోటు కూడా దగ్గరలోనే ఉంది. జియా సరాయ్ దాటి కొద్ది దూరం నడిస్తే ఔటర్ రింగ్ రోడ్డు వస్తుంది. అక్కడ వాహనాలు వేగంగా సాగిపోతాయి. కాలనీల లోపలికి మళ్లగానే స్పీడ్ బ్రేకర్లు, తవ్వి పూడ్చిన గాడులు, రోడ్డు మట్టానికి పైకో కిందికో ఉండే మ్యాన్‌హోల్ మూతలు ఎదురవుతాయి. ఒకే కారు పది నిమిషాల వ్యవధిలో ఈ రెండు రకాల రోడ్లనూ తట్టుకోవాలి. హైదరాబాద్‌లోనైనా, విజయవాడలోనైనా, విశాఖపట్నంలోనైనా పరిస్థితి ఇంతే.

స్ప్రింగు చేసే పని

కారు బరువును మోసేది స్ప్రింగు. గుంతలో పడినప్పుడు లేదా గట్టు ఎక్కినప్పుడు కుంగి, ఆ తాకిడిని తనలో దాచుకునేదీ అదే. దాచుకున్న శక్తి తిరిగి విడుదలవుతున్నప్పుడు కారు పదేపదే ఎగిరిపడకుండా అణచేది షాక్ అబ్జార్బర్. ఢిల్లీ మెకానిక్కులు దీనినే షాకర్ అంటారు. స్ప్రింగు పూర్తిగా కుంగిపోయే పరిస్థితి వచ్చినప్పుడు లోహం లోహాన్ని ఢీకొనకుండా చివరి ఆసరాగా ఉండే రబ్బరు లేదా నురుగు దిమ్మె పేరు బంప్ స్టాప్. ఈ మూడింటినీ ఒకదానికొకటి సరిపోయేలా తయారీ సంస్థ రూపొందిస్తుంది. వీటిలో ఒక్కదానిని మార్చితే మిగిలిన రెండింటి లెక్క కూడా మారుతుంది.

స్ప్రింగు మీద ఎంత బలం పడితే అదే నిష్పత్తిలో అది కుంగుతుంది. బ్రిటిష్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1678లో ప్రచురించిన ఈ నియమం నేటికీ కారు సస్పెన్షన్‌కు పునాది. స్ప్రింగు ఎంత గట్టిగా ఉండాలన్నది నాలుగు విషయాల మీద ఆధారపడుతుంది. అవి తీగ లోహం, తీగ మందం, చుట్టు వ్యాసం, చుట్ల సంఖ్య. తీగ మందం రెట్టింపైతే గట్టిదనం 16 రెట్లు పెరుగుతుంది. చుట్టు వ్యాసం రెట్టింపైతే గట్టిదనం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. చుట్ల సంఖ్య తగ్గితే అదే నిష్పత్తిలో గట్టిదనం పెరుగుతుంది. లోవరింగ్ స్ప్రింగు పొట్టిగా ఉండటంతో పాటు అసలు స్ప్రింగు కన్నా గట్టిగా కూడా ఉండటానికి కారణం కుంగే చోటు తగ్గిపోవడమే. ఆ లోటును కొంతైనా గట్టిదనంతో పూడ్చాలి.

35 మిల్లీమీటర్ల లెక్క

ఆ లోటు ఎంతవరకు పూడుతుందో తెలుసుకోవడానికి ఒక చిన్న లెక్క వేద్దాం. ఇక్కడి అంకెలు ఏదో ఒక నమూనా కారువి కావు, అర్థం కావడానికి ఎంచుకున్నవి. ఒక చిన్న స్పోర్టీ కారు ముందు చక్రం దగ్గర స్ప్రింగు మీద 300 కిలోల బరువు ఉందనుకుందాం. అదనంగా రెండు కిలోల బరువు పడినప్పుడల్లా స్ప్రింగు ఒక మిల్లీమీటరు కుంగుతుందనుకుందాం. కారు నిలిచి ఉన్నప్పుడు చక్రం మరో 80 మిల్లీమీటర్లు పైకి వెళ్లాక బంప్ స్టాప్ తగులుతుందనుకుందాం.

ఇప్పుడు కారును 35 మిల్లీమీటర్లు కిందికి దించితే బంప్ స్టాప్ దాకా మిగిలే చోటు 45 మిల్లీమీటర్లు. కొత్త స్ప్రింగు అసలు దాని కన్నా 30 శాతం గట్టిదనుకుంటే, మిల్లీమీటరు కుంగడానికి 2.6 కిలోలు కావాలి. స్ప్రింగు తాకిడిని దాచుకునే శక్తి దాని గట్టిదనాన్ని బట్టీ, అది కుంగే దూరం వర్గాన్ని బట్టీ ఉంటుంది. ఆ ప్రకారం లెక్కిస్తే, బంప్ స్టాప్ తగిలే లోపు కొత్త స్ప్రింగు దాచుకోగలిగిన శక్తి అసలు స్ప్రింగు శక్తిలో 41 శాతమే. గట్టిదనం పెరిగినా, దూరం తగ్గడం వల్ల సగానికి పైగా సామర్థ్యం పోయింది. పాత సామర్థ్యం నిలవాలంటే కొత్త స్ప్రింగు మూడు రెట్లకు పైగా గట్టిగా ఉండాలి. అంత గట్టి స్ప్రింగుతో నగర రోడ్ల మీద ప్రయాణించడం నడుముకు శిక్ష అవుతుంది.

కారులో మనుషులు ఎక్కితే ఈ లెక్క మరింత బిగుస్తుంది. ఒక్కో చక్రం మీద అదనంగా 75 కిలోలు పడ్డాయనుకుంటే, అసలు స్ప్రింగు సుమారు 38 మిల్లీమీటర్లు కుంగుతుంది. ఇంకా 42 మిల్లీమీటర్ల చోటు మిగులుతుంది. కొత్త స్ప్రింగు 29 మిల్లీమీటర్లు కుంగుతుంది. దానికి మిగిలేది 16 మిల్లీమీటర్లు మాత్రమే.

ఈ 16 ఎంత తక్కువో తెలియాలంటే రేసు కార్ల నిబంధనలు చూడాలి. విద్యార్థులు స్వయంగా రేసు కార్లు రూపొందించి పోటీపడే ఫార్ములా స్టూడెంట్ పోటీలు ప్రపంచమంతటా జరుగుతున్నాయి. ఐఐటీ ఢిల్లీకి కూడా యాక్సిలరేటర్ ఫార్ములా రేసింగ్ అనే జట్టు ఉంది. ఈ పోటీల నిబంధనల ప్రకారం కారు చక్రం మొత్తం 50 మిల్లీమీటర్లు కదలగలగాలి. డ్రైవరు కూర్చున్న తరువాత కూడా పైకి కనీసం 25 మిల్లీమీటర్లు కదలాలి. నున్నటి ట్రాక్ మీద, ఒక్క డ్రైవరుతో పరుగెత్తే కారుకే అంత చోటు తప్పనిసరి. ముగ్గురు మిత్రులను ఎక్కించుకుని గుంతల రోడ్డు మీద వెళ్లే కారుకు అంతకన్నా తక్కువ మిగలడం ఆలోచించవలసిన విషయం.

బంప్ స్టాప్ తగిలితే కుదుపు వస్తుందనేది అందరికీ తెలిసిన సంగతే. అంతకన్నా పెద్ద ముప్పు మలుపులో ఉంది. వేగంగా మలుపు తిరుగుతున్న కారులో బయటి వైపు స్ప్రింగు అప్పటికే కుంగి ఉంటుంది. ఆ క్షణంలో చిన్న గుంత వచ్చినా అటు చక్రం బంప్ స్టాప్‌కు తగులుతుంది. సస్పెన్షన్ ఒక్కసారిగా రాయిలా బిగుసుకుంటుంది. ఆ టైరు మీద బరువు క్షణంలో పెరిగి, పట్టు తప్పుతుంది. ముందు చక్రాలకు ఇలా జరిగితే స్టీరింగ్ తిప్పినా కారు తిరగదు. వెనుక చక్రాలకు జరిగితే కారు తోక పక్కకు జారుతుంది. పట్టు పెరగాలని చేయించిన మార్పు, పట్టు అత్యవసరమైన చోటే చేయి ఇస్తుంది.

లాభం ఎంత?

లోవరింగ్ వల్ల వచ్చే లాభాన్ని కూడా అంకెల్లోనే చూడాలి. కారు మలుపు తిరుగుతున్నప్పుడు లోపలి చక్రాల మీది బరువులో కొంత బయటి చక్రాల మీదికి మళ్లుతుంది. ఎంత మళ్లుతుందన్నది కారు బరువు, మలుపు తీవ్రత, గరిమనాభి ఎత్తు, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం నిర్ణయిస్తాయి. 1,100 కిలోల కారు, 55 సెంటీమీటర్ల ఎత్తులో గరిమనాభి, 1.45 మీటర్ల చక్రాల ఎడం తీసుకుందాం. భూమ్యాకర్షణలో పదింట ఆరు వంతుల పక్క బలంతో మలుపు తిరిగితే సుమారు 250 కిలోల బరువు బయటి వైపుకు మళ్లుతుంది. గరిమనాభిని మూడు సెంటీమీటర్లు దించితే అది 237 కిలోలకు తగ్గుతుంది. అంటే మిగిలింది 13 కిలోలు. లాభం ఉన్న మాట నిజం. అది చూపుకు కనిపించినంత పెద్దది కాదన్న మాట కూడా నిజం.

కారు తక్కువగా ఒరుగుతోందంటే పట్టు అంతే పెరిగిందని చాలామంది భావిస్తారు. ఒరుగుడు తగ్గడానికి ప్రధాన కారణం స్ప్రింగు గట్టిదనం. మొత్తంగా మళ్లే బరువును గట్టిదనం తగ్గించదు. గట్టి స్ప్రింగు వల్ల స్టీరింగ్‌కు కారు త్వరగా స్పందిస్తుంది. డ్రైవరుకు నమ్మకం కలుగుతుంది. అయితే ఆ నమ్మకం టైరుకు లేని పట్టును తెచ్చిపెట్టదు.

నేటి చిన్న కార్లలో ఎక్కువ భాగానికి ముందు వైపు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్ అనే సస్పెన్షన్. గత శతాబ్దం నలభయ్యో దశకంలో అమెరికన్ ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ దీనికి రూపమిచ్చారు. తక్కువ భాగాలతో, తక్కువ ఖర్చుతో తయారవుతుంది కాబట్టి ఎక్కువగా వాడుకలోకి వచ్చింది. ఈ అమరికలో కారును ఎక్కువగా దించితే, చక్రాన్ని పట్టి ఉంచే కింది చేయి తన సహజ వాలును కోల్పోతుంది. కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో, ఆ బిందువు గరిమనాభి కన్నా వేగంగా కిందికి జారుతుంది. రెండింటి మధ్య దూరం పెరగడంతో కారును ఒరిగించే మీట పొడవు పెరుగుతుంది. దించడం వల్ల వచ్చిన లాభంలో కొంత ఇక్కడే హరించుకుపోతుంది. అందువల్లనే నిపుణులైన తయారీదారులు రోజువారీ కార్ల కోసం చేసే స్ప్రింగుల్లో తగ్గింపును కొద్ది మేరకే పరిమితం చేస్తారు.

షాక్ అబ్జార్బర్ మాటేమిటి?

స్ప్రింగు 30 శాతం గట్టిపడితే, మన ఉదాహరణలోని కారు సెకనుకు 1.3 సార్లు ఊగేది ఇప్పుడు సుమారు 1.5 సార్లు ఊగుతుంది. ఈ వేగాన్ని మునుపటిలాగే అణచాలంటే షాక్ అబ్జార్బర్ బలం 14 శాతం పెరగాలి. పాత షాక్ అబ్జార్బర్‌నే ఉంచితే అణచివేత దాదాపు ఎనిమిదో వంతు తగ్గుతుంది. అది కొత్తదైతే ఈ తేడాను కొంతవరకు తట్టుకుంటుంది. ఇప్పటికే 60, 70 వేల కిలోమీటర్లు తిరిగి అలసిన షాక్ అబ్జార్బర్ అయితే కారు గుంత దాటాక కూడా ఊగుతూనే ఉంటుంది. పైగా అది ఎప్పుడూ తన పొడవులో కింది భాగంలోనే పనిచేస్తూ, బంప్ స్టాప్‌ను తరచుగా తాకుతూ, త్వరగా నూనె కారడం మొదలుపెడుతుంది. వాడిన కారు కొని వెంటనే స్ప్రింగులు మార్చేవారు ఈ విషయాన్ని ప్రత్యేకంగా గుర్తించాలి.

స్పీడ్ బ్రేకర్ల సంగతి

స్పీడ్ బ్రేకర్ ఎలా ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. వాహనాలు గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి అనువుగా, 17 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపుతో, 3.7 మీటర్ల వెడల్పుతో, 10 సెంటీమీటర్ల ఎత్తుతో దిమ్మె ఉండాలని అందులో పేర్కొన్నారు. 2018లో ఈ మార్గదర్శకాలను సవరించారు.

ముందు వెనుక చక్రాల మధ్య 2.47 మీటర్ల దూరం ఉన్న చిన్న కారు ఇలాంటి దిమ్మె మధ్యకు వచ్చినప్పుడు, నాలుగు చక్రాలూ దిమ్మె వాలు మీదనే ఉంటాయి. కారు కూడా దిమ్మెతో పాటు పైకి లేస్తుంది. అప్పుడు దిమ్మె శిఖరం కారు అడుగు వైపు పొడుచుకువచ్చేది సుమారు 45 మిల్లీమీటర్లే. నేలకు 130 మిల్లీమీటర్ల ఎడం ఉన్న కారు కూడా నెమ్మదిగా నడిపితే దీనిని ఇబ్బంది లేకుండా దాటుతుంది.

అయితే వీధుల్లో కనిపించే దిమ్మెలు చాలావరకు ఈ కొలతలకు ఆమడ దూరంలో ఉంటాయి. కాలనీవాసులే సిమెంటుతోనో తారుతోనో వేసుకున్న దిమ్మె అర మీటరు వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు ఉందనుకుందాం. ముందు చక్రాలు దానిని దాటి కిందికి దిగుతాయి, వెనుక చక్రాలు ఇంకా ఎక్కవు. దిమ్మె మొత్తం ఎత్తూ కారు పొట్ట కిందికి వస్తుంది. 165 మిల్లీమీటర్ల ఎడంతో వచ్చిన కారు ఖాళీగా ఉంటే గీసుకోకుండా దాటవచ్చు. అదే కారును 35 మిల్లీమీటర్లు దించితే దాటలేదు. ఇంజిన్ ఆయిల్ సంప్, సైలెన్సర్ గొట్టం, బ్రేకు ద్రవాన్ని తీసుకెళ్లే గొట్టాలు అడుగుభాగంలోనే ఉంటాయి. విద్యుత్ కార్లలో చాలావాటికి బ్యాటరీ పెట్టె నేల కిందనే ఉంటుంది కాబట్టి అడుగు దెబ్బ మరింత ప్రమాదకరం.

ఇది కారు యజమాని ఒక్కడి నష్టంతో ముగిసే వ్యవహారం కాదు. బాగా దించిన కార్లు దిమ్మెను ఏటవాలుగా ఎక్కడం, లేదా దిమ్మె లేని రోడ్డు అంచుకు తప్పుకోవడం రోడ్ల మీద కనిపించే దృశ్యమే. ఆ అంచున నడిచేది పాదచారులు, సైకిళ్ల మీద వెళ్లేవారు. జియా సరాయ్ వంటి చోట్ల తరగతుల మధ్య విరామంలో విద్యార్థులు గుంపులుగా రోడ్డు మీదికి వస్తారు. పాదచారులు, ద్విచక్ర వాహనదారుల భద్రత మీద ఐఐటీ ఢిల్లీలోని రవాణా పరిశోధన, గాయాల నివారణ కేంద్రం ఏళ్ల తరబడి పరిశోధనలు చేస్తోంది. స్పీడ్ బ్రేకర్ ఉన్నది వారి కోసమే. దానిని తప్పించుకోవడానికి కారు వారి మీదికే మళ్లితే ఆ ఏర్పాటు ఉద్దేశమే దెబ్బతింటుంది.

బిగించడం ఎలా జరగాలి?

స్ప్రింగుల మార్పు కేవలం నట్టు విప్పి బిగించే పని కాదు. స్ట్రట్‌లో అమర్చి ఉన్న స్ప్రింగు ఎప్పుడూ కొంత నొక్కి ఉంచిన స్థితిలోనే ఉంటుంది. దానిని స్ప్రింగ్ కంప్రెసర్ అనే పరికరంతో పట్టి ఉంచకుండా పైనట్టు విప్పితే, నొక్కి ఉన్న స్ప్రింగు ఎగిరి మనిషి ప్రాణం తీయగలదు. కారును జాకీ మీద మాత్రమే నిలిపి కిందికి దూరడం కూడా అంతే ప్రమాదకరం. స్టాండ్లు లేదా లిఫ్టు తప్పనిసరి.

సరైన వర్క్‌షాపులో పని ఒక క్రమంలో సాగుతుంది. ముందుగా నాలుగు చక్రాల దగ్గరా నేల నుంచి మడ్‌గార్డు అంచు దాకా ఎత్తు కొలిచి రాసుకుంటారు. స్ప్రింగు తయారీదారు సూచించినట్లయితే బంప్ స్టాప్‌ను చెప్పిన మేర కుదించడమో, కొత్తది వేయడమో చేస్తారు. చక్రం గాలిలో వేలాడుతున్నప్పుడు కూడా స్ప్రింగు తన గిన్నెలో బిగువుగా కూర్చుందా అన్నది పరీక్షిస్తారు. మరీ పొట్టి స్ప్రింగు అయితే కారు ఎగిరినప్పుడు గిన్నె నుంచి పక్కకు తప్పుకునే ప్రమాదం ఉంది. రబ్బరు బుష్‌లు ఉన్న కింది చేతుల బోల్టులను, కారు బరువు చక్రాల మీద పడిన తరువాతే చివరిగా బిగించాలి. గాలిలో ఉండగానే బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగి ఉండి త్వరగా చిరిగిపోతుంది. తయారీ సంస్థ ఒక్కసారి వాడకానికే అని చెప్పిన బోల్టులను తిరిగి వాడకూడదు. అన్నింటినీ టార్క్ రెంచితో, చెప్పిన బిగువుకే బిగించాలి.

ఆ తరువాత వీల్ అలైన్‌మెంట్ తప్పదు. కారు ఎత్తు మారగానే చక్రం నిలువు నుంచి పక్కకు వాలే కోణం, రెండు చక్రాల ముందు అంచుల మధ్య ఎడం మారిపోతాయి. సరిచేయకపోతే టైర్ల లోపలి అంచు కొద్ది వేల కిలోమీటర్లకే అరిగిపోతుంది. పైకి బాగానే కనిపించే టైరు లోపల తీగ తేలి ఉండటం ఇలాంటి కార్లలోనే కనిపిస్తుంది. ముందు వెనుకలు సమానంగా దిగకపోతే హెడ్‌లైట్ల కాంతి ఎదుటివారి కళ్లలో పడుతుంది. దానిని మళ్లీ సర్దాలి. ముందు అద్దం వెనుక కెమెరా, బంపరులో రాడార్ ఉన్న కార్లలో వాటి చూపు కోణం కూడా మారుతుంది కాబట్టి తిరిగి క్రమాంకనం చేయించాలి. కొద్ది వందల కిలోమీటర్లు తిరిగాక స్ప్రింగులు సర్దుకుంటాయి. అప్పుడు మరోసారి బోల్టులను, అలైన్‌మెంట్‌ను పరీక్షించాలి.

కోసిన స్ప్రింగు, ఇరికించిన రబ్బరు

అసలు ప్రమాదం ఎక్కువగా ఉన్నది చవక దారుల్లో. కొత్త స్ప్రింగులకు బదులు అసలు స్ప్రింగునే ఒకటి, రెండు చుట్లు కోయించే పద్ధతి ఇంకా ఉంది. ఆరు పనిచేసే చుట్లలో ఒకటి కోస్తే స్ప్రింగు 20 శాతం గట్టిపడుతుంది. ఎత్తు కూడా తగ్గుతుంది. ఇంతవరకూ లెక్క బాగానే ఉన్నట్లు అనిపిస్తుంది. కానీ గిన్నెలో సరిగ్గా కూర్చోవడానికి మలిచిన కొస పోతుంది. కోసిన అంచు ఒకేచోట ఆనుతుంది, అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. గ్యాస్ మంటతో కోస్తే లేదా వేడిచేసి కుంగదీస్తే, వేడి తగిలిన మేర ఉక్కు తన పదును కోల్పోతుంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లవుతుంది.

దీనికి పూర్తిగా ఎదురు దారి కూడా మన దేశంలో ప్రచారంలో ఉంది. గుంతలకు భయపడి, స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు ఇరికించి కారు ఎత్తు పెంచేవారూ ఉన్నారు. బఫరు ఉన్న చోట చుట్టు కదలదు. మిగిలిన చుట్ల మీద ఒత్తిడి పెరుగుతుంది. దించినా, లేపినా, స్ప్రింగు రూపకల్పన లెక్కను కాదని చేసే మార్పుకు ఫలితం ఒకే తీరున ఉంటుంది.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ వాహనాల మార్పులకు సంబంధించినది. తయారీ సంస్థ మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా, రిజిస్ట్రేషన్ ధ్రువపత్రంలోని వివరాలు మారిపోయేలా యజమాని వాహనాన్ని మార్చరాదని ఈ సెక్షన్ చెబుతోంది. కేరళ నుంచి వచ్చిన ఒక వ్యాజ్యంలో జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ వినీత్ శరణ్ సభ్యులుగా ఉన్న సుప్రీంకోర్టు ధర్మాసనం 2019 జనవరి 9న ఈ నిబంధనను దృఢంగా సమర్థించింది. మార్పులకు వెసులుబాటు ఇచ్చిన కేరళ హైకోర్టు తీర్పును పక్కన పెట్టింది.

అదే సంవత్సరం పార్లమెంటు ఆమోదించిన సవరణ చట్టం 182ఎ అనే కొత్త సెక్షన్‌ను చేర్చింది. దాని నాలుగో ఉపసెక్షన్ ప్రకారం, చట్టం లేదా నిబంధనలు అనుమతించని రీతిలో వాహనాన్ని మార్చిన యజమానికి, బయటి విడిభాగాలు అమర్చడం ద్వారా చేసిన మార్పుకైనా సరే, ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

కారు నేలకు ఎంత ఎత్తులో ఉండాలన్నది సాధారణంగా రిజిస్ట్రేషన్ ధ్రువపత్రంలో ఉండదు కాబట్టి స్ప్రింగులు మార్చినా తప్పు లేదని కొందరు వాదిస్తారు. ఈ వాదన మీద ఆధారపడటం క్షేమం కాదు. ఒక నమూనా కారు మార్కెట్లోకి రావడానికి ముందు మానేసర్‌లోని ఐక్యాట్, పుణెలోని ఏఆర్‌ఏఐ వంటి అధీకృత సంస్థలు దానిని పరీక్షించి ఆమోదిస్తాయి. ఆ ఆమోదం తయారీ సంస్థ సమర్పించిన రూపానికే వర్తిస్తుంది. కాబట్టి ముందుగా రవాణా శాఖ కార్యాలయాన్ని సంప్రదించి రాతపూర్వకమైన సమాధానం తీసుకోవడమే సరైన పద్ధతి. బీమా సంస్థకు కూడా తెలియజేయాలి. చెప్పకుండా చేయించిన మార్పును ఆధారంగా చూపి, ప్రమాదం తరువాత పరిహారాన్ని ప్రశ్నించే అవకాశం బీమా సంస్థకు ఉంటుంది. సస్పెన్షన్ భాగాలకు తయారీ సంస్థ ఇచ్చిన వారంటీ కూడా వివాదంలో పడవచ్చు.

జర్మనీలో పద్ధతి వేరుగా ఉంది. అక్కడ లోవరింగ్ స్ప్రింగులు చట్టబద్ధంగా అమ్ముడవుతాయి. అయితే ఆ స్ప్రింగు ఏ నమూనా కారుకు, ఎంత బరువుకు, ఏ చక్రాలతో సరిపోతుందో పరీక్షించి ఇచ్చిన సాంకేతిక నివేదిక దానితో పాటు ఉండాలి. బిగించిన తరువాత టీయూవీ వంటి అధీకృత సంస్థ తనిఖీదారు కారును చూసి ధ్రువీకరించాలి. అంటే మార్పును నిషేధించకుండా, దానికి ఒక బాధ్యుడిని నిర్ణయించారు. మన మార్కెట్లోకి వచ్చే పేరున్న జర్మన్ స్ప్రింగుల పెట్టెలో ఆ కాగితం ఉండవచ్చు. అది అక్కడి రోడ్లకు, అక్కడి చట్టానికి సంబంధించినదే తప్ప ఇక్కడ అనుమతి పత్రం కాదు.

కొనేముందు అడగవలసినవి

కరోల్‌బాగ్‌లోనైనా, కశ్మీరీ గేట్ విడిభాగాల బజారులోనైనా, విజయవాడ ఆటోనగర్‌లోనైనా స్ప్రింగుల ధర అడిగేముందు మరికొన్ని ప్రశ్నలు అడగాలి. ఈ స్ప్రింగు సరిగ్గా ఇదే నమూనా, ఇదే ఇంజిన్ ఉన్న కారుకు చేసినదేనా? అసలు దాని కన్నా ఎంత గట్టిది? ఎంత దిగుతుంది? బంప్ స్టాప్ దాకా ఎంత చోటు మిగులుతుంది? ఇప్పుడున్న షాక్ అబ్జార్బర్ దీనికి సరిపోతుందా? ఈ ప్రశ్నలకు అంకెల్లో సమాధానం చెప్పలేని దుకాణంలో కొనకపోవడమే మంచిది.

మలుపుల్లో కారు పట్టు పెరగడమే లక్ష్యమైతే ముందుగా చేయదగినవి వేరే ఉన్నాయి. అరిగిన టైర్ల స్థానంలో సరైన కొలతలో మంచి టైర్లు వేయించడం, గాలి ఒత్తిడి సరిగా ఉంచడం, అలసిన షాక్ అబ్జార్బర్లను, బుష్‌లను మార్చడం, అలైన్‌మెంట్ చేయించడం వాటిలో ముఖ్యమైనవి. వీటిలో ఏదీ కారు ఎత్తును తగ్గించదు, ఏదీ చట్టంతో తగాదా తేదు. చాలా పాత కార్లు ఈ పనులతోనే కొత్తదనం సంతరించుకుంటాయి. అప్పటికీ దించాలనుకుంటే, స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఒకదానికొకటి సరిపోయేలా చేసిన జతను, తక్కువ తగ్గింపుతో, రవాణా శాఖ నుంచి స్పష్టత తీసుకున్న తరువాత ఎంచుకోవడం ఉత్తమం.

ఇప్పటికే స్ప్రింగులు మార్పించినవారు చేయవలసిన పరీక్ష సులువైనది. కారులో నలుగురిని కూర్చోబెట్టి, నేల నుంచి మడ్‌గార్డు అంచు దాకా ఎత్తును నాలుగు చోట్లా కొలవాలి. ఖాళీగా ఉన్నప్పటి కొలతతో పోల్చి, బంప్ స్టాప్ దాకా ఇంకా ఎంత చోటు మిగిలిందో వర్క్‌షాపులో చూపించుకోవాలి. షాక్ అబ్జార్బర్ల మీద నూనె తడి, టైర్ల లోపలి అంచు అరుగుదల కూడా అప్పుడే చూడాలి. మిగిలిన చోటు వేలు మందం దాటకపోతే అసలు స్ప్రింగులను తిరిగి వేయించుకోవడమే కారులో కూర్చున్నవారికీ, రోడ్డు పక్కన నడిచేవారికీ క్షేమం. అందుకే తీసేసిన అసలు స్ప్రింగులను తుక్కు కింద అమ్మేయకుండా దాచి ఉంచుకోవాలని అనుభవజ్ఞులైన మెకానిక్కులు చెబుతుంటారు.